గడ్డి ఆగిపోయే చోటు

అమెరికాలోని సౌత్ డకోటా రాష్ట్రం, దాని పడమటి భాగం తలుచుకోగానే ముందు గుర్తొచ్చేది అక్కడి వాసన. జూన్ మొదటి వారం, తెల్లారగట్ల ఐదింటికి కారు అద్దం నాలుగు వేళ్ళ మేర దించితే చల్లగాలితో పాటు లోపలికొచ్చే పచ్చిగడ్డి వాసన. రాత్రి జల్లు పడి ఉంటే తడి మట్టి వాసన కూడా తోడవుతుంది. ఆ తర్వాత గుర్తొచ్చేది ఒక పిట్ట పాట. కంచె గుంజ మీద కూర్చుని, మెడ పైకెత్తి పాడే మెడోలార్క్. గోరింకంత ఉంటుంది. పసుప్పచ్చటి ఛాతీ మీద మెడలో నల్లపూసల దండ వేసుకున్నట్టు ఒక నల్లటి గుర్తు. కారు పోతూ ఉండగానే ఆ పాట ముక్క ఒకటి అద్దం సందులోంచి దూరి, గుంజ వెనక్కి పోయేసరికి అయిపోతుంది. తర్వాతి గుంజ మీద ఇంకొకటి అందుకుంటుంది.

ఫోన్లలో మ్యాపులు రాకముందు, మినియాపొలిస్ నుంచీ ఒమాహా నుంచీ షికాగో నుంచీ మన తెలుగు కుటుంబాలు లాంగ్ వీకెండ్ వచ్చిందంటే ఈ దారి పట్టేవి. ముందు సీట్లో మ్యాప్‌క్వెస్ట్ నుంచి ప్రింటు తీసిన కాగితాలు, వెనక సీట్లో వేసవికి ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలు, డిక్కీలో కూలరు, రైస్ కుక్కరు, స్టీలు డబ్బా నిండా పులిహోర. అందరూ బయల్దేరేది కొండరాయిలో అధ్యక్షుల తలలు చెక్కిన మౌంట్ రష్‌మోర్ కోసమే. బ్యాడ్‌ల్యాండ్స్ నేషనల్ పార్కు అంటే దారిలో కాళ్ళు చాపుకోవడానికి ఆగే చోటు. రెండు గంటలు, నాలుగు ఫోటోలు, మళ్ళీ హైవే. ఇప్పటికీ చాలామంది అలాగే వెళ్ళొస్తున్నారు. ఆ నేలకి ఒక రోజంతా ఇవ్వాలి, తెల్లవారుజాము నుంచి చీకటి పడేదాకా. అక్కడ చూడాల్సినవి గడ్డీ, మట్టీ. గడ్డి దగ్గర ఆగనివాళ్ళకు మట్టి అంతుపట్టదు.

ముందు దారి సంగతి. సౌత్ డకోటాలో ఐ-90 హైవే ఎగ్జిట్ నంబర్లు పడమటి వైపు వయోమింగ్ సరిహద్దు నుంచి మైళ్ళ లెక్కన వేసినవి. తీసివేత వస్తే చాలు, ఎంత దూరం మిగిలిందో చెప్పేయొచ్చు. సూ ఫాల్స్ 396, మిచెల్ 332, ఛాంబర్లేన్ 263, కడోకా 150, పార్కు తూర్పు ద్వారానికి వెళ్ళే ఎగ్జిట్ 131, వాల్ ఊరు 110, ర్యాపిడ్ సిటీ 60 చుట్టుపక్కల. అంటే సూ ఫాల్స్ నుంచి పార్కు మలుపుకి 265 మైళ్ళు. 2015 నుంచి ఈ హైవే మీద వేగ పరిమితి గంటకు 80 మైళ్ళు. లెక్క ప్రకారం మూడున్నర గంటల దారే గానీ, పడమటి గాలి ఎదురు కొట్టిన రోజున కారు మైలేజీ కళ్ళముందే పడిపోతుంది. బంకు బంకుకీ మధ్య దూరాలు ఎక్కువ. ముల్లు సగానికి దిగితే, వచ్చిన ఊళ్ళోనే నింపేసుకోవాలి. పార్కు రోడ్డు మీద పెట్రోలు దొరకదు. కడోకాలో గానీ వాల్‌లో గానీ నింపుకుని దిగడం మంచిది.

మిచెల్‌లో మొక్కజొన్న కంకులతో గోడలు అలంకరించే కార్న్ ప్యాలెస్ దాటాక కూడా చాలాసేపు అటూ ఇటూ మొక్కజొన్నా సోయా చేలే. ఛాంబర్లేన్ దగ్గర మిస్సోరి నది వస్తుంది. ఒడ్డు మీది రెస్ట్ ఏరియాలో నక్షత్రాల దుప్పటి కప్పుకున్న స్త్రీ విగ్రహం ఉంది. పేరు డిగ్నిటీ, ఎత్తు 50 అడుగులు, 2016లో నిలిపారు. అక్కడ ఆగి నదిని తీరిగ్గా చూడండి, ఎందుకంటే అవతలి ఒడ్డు నుంచి నేల తీరు వేరు. కాసేపటికి వందో రేఖాంశం దాటతాం. అక్కణ్ణుంచి పడమటికి వాన ఏడాదికి 20 అంగుళాల లోపే, మన అనంతపురం కంటే కూడా కాస్త తక్కువ. దున్నిన చేలు పలచబడి, పశువులు మేసే బీళ్ళు మొదలవుతాయి. చెట్లు వాగుల వెంట తప్ప కనబడవు. ఈ భాగం విసుగని కొందరు నిద్రపోతారు. ఆ రోజు మొత్తానికి పునాది ఇక్కడే పడుతుంది, మేలుకుని ఉండండి.

మర్డో దాటి కడోకా చేరేలోపు టైమ్ జోన్ సెంట్రల్ నుంచి మౌంటెన్‌కి మారుతుంది. వెళ్ళేటప్పుడు ఒక గంట కలిసొస్తుంది గనక ఎవరూ పట్టించుకోరు. తిరుగు ప్రయాణంలో ఆ గంట పోతుంది. సాయంత్రానికి ఇల్లు చేరతామని లెక్క వేసుకున్నవాళ్ళు రాత్రికి చేరేది అందుకే.

ముందురోజు రాత్రికి కడోకాలోనో వాల్‌లోనో బస చేస్తే తెల్లవారుజామున పార్కులో ఉండగలరు. ర్యాపిడ్ సిటీ నుంచైతే గంటకు పైగా దారి. మే నెల సగం నుంచి జూన్ చివరిదాకా గడ్డి పచ్చగా ఉంటుంది. సెప్టెంబరులో బంగారు రంగుకి తిరుగుతుంది, జనం తగ్గుతారు, ఎండ కూడా తగ్గుతుంది. జులై, ఆగస్టుల్లో వంద డిగ్రీల ఫారెన్‌హీట్ దాటడం మామూలే. ఆగస్టు మొదట్లో స్టర్జిస్ ఊళ్ళో మోటార్‌సైకిళ్ళ ర్యాలీ జరుగుతుంది. ఆ పది రోజులూ చుట్టుపక్కల గది దొరకడం కష్టం, దొరికినా రేటు భరించలేం. అమ్మానాన్నలను తీసుకెళ్ళేవాళ్ళు ఆ వారాలు వదిలేయడమే మేలు.

తూర్పు నుంచి పడమటికి వెళ్ళండి. 131లో దిగి 110లో తేలాలి. పొద్దున సూర్యుడు వీపు వెనక ఉంటాడు, సాయంత్రానికి సూర్యాస్తమయం చూసే చోటికి చేరతాం. ఎదురు దిక్కున వెళ్తే పొద్దుటి ఎండ కళ్ళల్లో పడుతుంది, మలుపుల దగ్గర రోడ్డు కనబడదు.

131లో దిగి 240 రోడ్డు మీద దక్షిణానికి తిరిగాక, గేటు రాకముందే 1909లో కట్టిన ఒక పాత ఇల్లు ఉంది. వేసవి నెలల్లో ప్రెయిరీ హోమ్‌స్టెడ్ పేరుతో చూపిస్తారు. చెట్టు లేని నేలలో కలప ఎక్కణ్ణుంచి వస్తుంది? అందుకని గడ్డిని వేళ్ళతో సహా ఇటుకల్లా కోసి గోడలు పేర్చుకున్నారు. ఆ గోడ దగ్గరికెళ్ళి చూడండి. మట్టిని మట్టిగా నిలబెట్టింది వేళ్ళే. 1862 నాటి హోమ్‌స్టెడ్ చట్టం కింద ఒక్కో కుటుంబానికి 160 ఎకరాలు ఇచ్చారు. తూర్పున బాగా వానలు పడే చోట అది పెద్ద పొలం. ఇక్కడ ఆ వానకి ఒక కుటుంబం బతకడానికి చాలలేదు. 1930ల కరువులో ఎందరో వదిలేసి పోయారు. ప్రభుత్వం తిరిగి కొన్న అలాంటి భూములే ఇప్పుడు బఫెలో గ్యాప్ నేషనల్ గ్రాస్‌ల్యాండ్. దాని గురించి వివరంగా చెప్పే కేంద్రం వాల్ ఊళ్ళో ఉంది.

గేటు దగ్గర కారుకి 30 డాలర్లు, ఏడు రోజులు చెల్లుతుంది. రసీదు పారేయకండి, మధ్యలో బయటికెళ్ళి వస్తే మళ్ళీ చూపించాలి. రసీదు జేబులో పెట్టుకుని, ముందుకెళ్ళే తొందర పడకుండా, బండి ఆపడానికి వీలున్న చోట దిగి గడ్డిలో మోకాళ్ళ మీద కూర్చోండి. పాము లేదని చూసుకునే కూర్చోవాలి, ఇది ప్రెయిరీ రాటిల్‌స్నేక్ అనే విషసర్పం ఉండే నేల. నిలబడి చూస్తే ఒకే రంగు దుప్పటి. కూర్చుంటే నాలుగైదు రకాలు విడిపడతాయి. పాదం మునగని ఎత్తులో, ఉంగరాలు తిరిగి నేలకి అంటుకుని ఉండేది బఫెలో గ్రాస్. సన్నటి కాడ కొసన కనుబొమ్మలా వంగిన వెన్ను ఉంటే అది బ్లూ గ్రామా. కాస్త ఎత్తుగా, నీలి ఛాయలో, ఆకు గరుగ్గా తగిలేది వెస్టర్న్ వీట్‌గ్రాస్. పైన మోకాలి ఎత్తు కూడా లేని ఈ గడ్డి, వేళ్ళను మాత్రం అడుగుల లోతుకి దించుతుంది. కరువొచ్చినా, నిప్పొచ్చినా, దున్నలు మేసినా మళ్ళీ చిగురించేది ఆ వేళ్ళ బలంతోనే.

ఇక బిగ్ బ్యాడ్‌ల్యాండ్స్ ఓవర్‌లుక్. తూర్పు గేటు దాటగానే వచ్చే మొదటి మజిలీ. జూన్‌లో ఐదుంబావు కల్లా సూర్యుడు పైకొస్తాడు, అరగంట ముందే చేరి ఉండాలి. కారు దిగి పది అడుగులు వేశాక గడ్డి ఆగిపోతుంది. వాలుగా తగ్గడం ఉండదు, కత్తితో కోసినట్టు ఆగిపోతుంది. కింద, కంటికి అందినంత దూరం, మట్టి కొండలు, శిఖరాలు, లోయలు. ఉత్తరం వైపు హైవే మీద వెళ్ళేవాళ్ళకి ఇంత దగ్గరలో ఇది ఉందని తెలియనే తెలియదు, ఎందుకంటే మనం నిలబడింది పైమైదానం. కింద కనబడేది వైట్ రివర్ వైపు దిగే కింది మైదానం. ఆ రెంటి మధ్య తెగిన అంచునే గోడ అంటారు, వాల్ ఊరి పేరు అక్కణ్ణుంచి వచ్చిందే. వాగులు ఆ అంచుని కొరుక్కుంటూ ఏటేటా ఉత్తరానికి జరుపుతున్నాయి. ఇవాళ మనం నిలబడిన గడ్డి రేపటి బ్యాడ్‌ల్యాండ్స్. ఆ కొండలన్నీ ఒకప్పుడు గడ్డి కింద ఉన్న నేలే.

దీనికి రుజువు కావాలంటే రోడ్డు పక్కన అక్కడక్కడా బల్లల్లా నిలబడిన మట్టి దిమ్మెలు చూడండి. చుట్టూ నేలంతా కొట్టుకుపోయి, పైన మాత్రం గడ్డి టోపీతో మిగిలినవి. వాటిని సాడ్ టేబుల్స్ అంటారు. ఆ గడ్డి చాప ఎంత ఉందో దిమ్మె అంతే మిగిలింది. భీమిలి దగ్గరి ఎర్రమట్టి దిబ్బలు తెలిసినవాళ్ళకి ఈ గండ్లూ సందులూ కొత్తగా అనిపించవు. అక్కడ ఇసుక, ఇక్కడ బంకమట్టి. నీళ్ళు నేలను కోసే పద్ధతి ఒకటే.

ఈ కోత మొదలై సుమారు 5 లక్షల ఏళ్ళయింది. ఏడాదికి దాదాపు ఒక అంగుళం కరిగిపోతోంది. రష్‌మోర్‌లో తలలు చెక్కిన గ్రానైటు ఒక అంగుళం అరగడానికి 10,000 ఏళ్ళు పడుతుందని లెక్క. ఒకే ట్రిప్పులో రెండూ చూసేవాళ్ళు ఈ తేడా గుర్తుపెట్టుకుని చూస్తే మట్టి కొండల విలువ తెలుస్తుంది. ఇరవై ఏళ్ళ కిందటి ఫోటోలు ఇంట్లో ఉంటే తీసుకెళ్ళి అదే చోట నిలబడి పోల్చి చూడండి. సన్నటి శిఖరాల్లో మార్పు తెలుస్తుంది.

అక్కణ్ణుంచి కొద్ది దూరంలోనే ఒక పెద్ద పార్కింగ్, దానిలోంచి మూడు నడకదారులు. విండో అన్నది పావు మైలు చెక్కబాట, చక్రాల కుర్చీ కూడా వెళ్తుంది. డోర్ రానూపోనూ ముప్పావు మైలు, మొదటి భాగం చెక్కబాట, తర్వాత పసుపు గుర్తుల వెంట మట్టి మీద నడవాలి. పెద్దవాళ్ళను చెక్కబాట చివరి దాకా తీసుకెళ్తే చాలు, అసలు దృశ్యం అక్కడే ఉంది. నాచ్ ఒకటిన్నర మైలు, మధ్యలో కేబుళ్ళకు కట్టిన దుంగల నిచ్చెన ఎక్కాలి. ఎక్కడం సులువే, దిగేటప్పుడే కాళ్ళు వణుకుతాయి. నిచ్చెన వైపుకి ముఖం పెట్టి దిగాలి. ఎత్తంటే భయమున్నవాళ్ళూ, చంకలో పిల్లలున్నవాళ్ళూ దాని జోలికి పోవద్దు. వాన పడ్డ రోజున ఎవరూ పోవద్దు.

వానకీ ఈ మట్టికీ ఉన్న సంబంధం తెలుగువాళ్ళకు చెప్పడం తేలిక. నల్లరేగడి నేలలో వానాకాలం చెప్పులతో నడిచినవాళ్ళకి ఇది తెలిసిన సంగతే. రేగడిలో ఉండే ఉబ్బే బంకమట్టి జాతే ఇక్కడా ఉంది. మన దక్కనులో అది నల్లరాయి అరిగి వచ్చింది, ఇక్కడ పడమటి నుంచి గాలిలో కొట్టుకొచ్చిన అగ్నిపర్వతాల బూడిద నుంచి వచ్చింది. ఎండలో ఒక దిబ్బ పక్కన కూర్చుని చూడండి. పైపొర అంతా పేలాల్లా పొంగి, విరిగి, చిన్న చిన్న ఉండలుగా ఉంటుంది. వేలితో నొక్కితే పొడి పొడిగా రాలుతుంది. గట్టి నేలే కదా అని వాలు మీద కాలు పెడితే ఆ ఉండలు గోళీల్లా దొర్లి జారిపోతాం. అదే మట్టి తడిస్తే సబ్బు. నాలుగు అడుగులకి బూటు కింద రెండు అంగుళాల మందం పేరుకుంటుంది, ఒక్కో కాలు రెండు కిలోల బరువు తూగుతుంది. అక్కడి వాళ్ళు దాన్ని గంబో అంటారు. ఈ పార్కులో బాట వదిలి ఎక్కడికైనా నడవనిస్తారు. ఆ స్వేచ్ఛ ఎండిన రోజుకి మాత్రమే పనికొస్తుంది.

సెడార్ పాస్ దగ్గర రోడ్డు పైమైదానం నుంచి గోడ మీదుగా కిందికి దిగుతుంది. పెద్ద వ్యాన్లో ఉన్నవాళ్ళు బ్రేకు మీదే కాలు పెట్టుకు కూర్చోకుండా గేరు తగ్గించి దిగాలి. కింద బెన్ రైఫెల్ విజిటర్ సెంటర్. లకోటాలు ఇక్కడి ఆదివాసీలు, వాళ్ళలోంచి అమెరికా కాంగ్రెసుకి ఎన్నికైన తొలి మనిషి ఈ బెన్ రైఫెల్, 1961 నుంచి పదేళ్ళు సభ్యుడిగా ఉన్నారు. సీసాలన్నీ ఇక్కడే నింపుకోండి, ముందున్న ఓవర్‌లుక్‌ల దగ్గర నీళ్ళుండవు. వేసవిలో మనిషికి మూడు లీటర్లు లెక్క వేసుకోవాలి. గాలి పొడి గనక చెమట పట్టినట్టే తెలియదు, తలనొప్పి వచ్చాక గానీ ఒంట్లో నీళ్ళు తగ్గాయని తెలుసుకోరు. మొబైల్ సిగ్నల్ వస్తూ పోతూ ఉంటుంది, మ్యాపు ముందే ఫోన్లోకి దించుకోవాలి. కాగితం మ్యాపు గేటు దగ్గర ఇస్తారు, అది ఇప్పటికీ మంచి తోడు.

సెంటర్ లోపల వేసవిలో శిలాజాలు శుభ్రం చేసే ల్యాబు తెరిచి ఉంచుతారు. పంటి డాక్టరు పరికరాల్లాంటి వాటితో ఎముక చుట్టూ రాయిని గింజ గింజగా తీస్తుంటారు. 2010లో సెంటర్‌కి దగ్గరలోనే ఏడేళ్ళ పాప ఒకామె నేల మీద తేలిన ఎముకను చూసి రేంజర్లకు చెప్పింది. అది పొడవాటి కోరల పిల్లిలాంటి జంతువు పుర్రె అని తేలింది. పిల్లలకు ముందే చెప్పి పెట్టండి: ఎముకలాంటిది కనబడితే ముట్టుకోకూడదు, తీయకూడదు, ఫోటో తీసి, చోటు గుర్తుపెట్టుకుని సెంటర్లో చెప్పాలి. జేబులో వేసుకోవడం నేరం. అంతకంటే పెద్ద నష్టం, ఏ పొరలో దొరికిందో తెలియకపోతే ఆ ఎముకకి కథే ఉండదు.

పదకొండు దాటితే ఎండ నిట్టనిలువు. రంగులన్నీ పాలిపోయి తెల్లబడతాయి. రీళ్ళ కెమెరాల రోజుల్లో 36 ఫోటోల రీలు మధ్యాహ్నానికే అయిపోయేది, అసలైన వెలుగు వచ్చేసరికి కెమెరా ఖాళీ. ఇప్పుడు ఆ ఇబ్బంది లేకపోయినా, ఫోటోలకి పొద్దున ఎనిమిది లోపూ సాయంత్రం ఆరు తర్వాతా అన్న పాత లెక్కే సరైనది. మధ్యాహ్నం తినడానికీ చదవడానికీ పెట్టుకోండి. ఫాసిల్ ఎగ్జిబిట్ ట్రెయిల్ పావు మైలు చెక్కబాట. మూడు వేళ్ళ చిన్న గుర్రం, గొర్రెలాంటి ఓరియొడాంట్ వగైరా పురాతన జంతువుల నమూనాలు పెట్టారు, చేత్తో తడిమి చూడొచ్చు.

భోజనానికి కొనాటా పిక్నిక్ ఏరియా. బల్లల మీద నీడ ఉంది, నీళ్ళు లేవు. శాకాహారులకి ఈ చుట్టుపక్కల తిండి దొరకడం కష్టమే, ఇంటి నుంచి తెచ్చుకున్నదే దిక్కు. పులిహోర సాయంత్రం దాకా నిలుస్తుంది, చింతపండూ నూనే దానికి కాపలా. పెరుగన్నం మాత్రం ఆ వేడికి పులిసిపోతుంది. పాలు ఎక్కువ, పెరుగు చెంచాడు వేసి కలిపి, కూలర్లో ఐసు మీద పెట్టాలి. డిక్కీలో పెట్టిన కూలరు వేడెక్కుతుంది, వెనక సీటు కింద పెట్టి పైన దుప్పటి కప్పితే ఐసు సాయంత్రం దాకా ఉంటుంది. ఆకులూ ప్లేట్లూ గాలికి ఎగిరిపోతాయి, స్టీలు పళ్ళేలే నయం. ఈ పిక్నిక్ ఏరియా దగ్గరే 1993 నుంచి 2008 దాకా పదిహేను వేసవులు తవ్వారు. మొదట దొరికిన ఎముక పంది లాంటి ఆర్కియోథీరియంది అనుకుని తవ్వకానికి పందుల పేరు పెట్టారు. తీరా చూస్తే అది కొమ్ములేని పురాతన ఖడ్గమృగం. పేరు మాత్రం అలాగే ఉండిపోయింది.

పడమటి ఆకాశం మీద మధ్యాహ్నం నుంచీ ఒక కన్నేసి ఉంచాలి. తెల్లటి మేఘం పైకి లేచి తల బల్లపరుపుగా పరుచుకుందంటే గంటలోపు ఉరుములు. ఓవర్‌లుక్‌ల మీద అందరికంటే ఎత్తున ఉండేది మన తలకాయే. మొదటి ఉరుము వినబడగానే కార్లోకి వచ్చేయాలి. వడగళ్ళు పడితే దాక్కోవడానికి కప్పు ఎక్కడా లేదు. బండిని గాలికి ఎదురుగా తిప్పి ఆపితే ముందు అద్దం ఏటవాలుగా దెబ్బలు తట్టుకుంటుంది, నిలువుగా ఉండే పక్క అద్దాలు తట్టుకోవు.

బిగ్ ఫుట్ పాస్ దగ్గర ఫోటో తీసుకుని వెళ్ళిపోకండి. 1890 డిసెంబరులో ఆ పేరుగల లకోటా నాయకుడు, ఆయన అసలు పేరు స్పాటెడ్ ఎల్క్, జబ్బుతో ఉన్న శరీరంతో తన వాళ్ళను వెంటబెట్టుకుని చలిలో ఈ గోడ దిగి దక్షిణానికి వెళ్ళారు. డిసెంబరు 29న వూండెడ్ నీ దగ్గర సైన్యం కాల్పుల్లో ఆయనతో పాటు ఆడవాళ్ళూ పిల్లలూ ఎందరో చనిపోయారు. ఈ నేలకి మాకో సీచా, చెడ్డ నేల, అని పేరు పెట్టింది లకోటాలే. పార్కు దక్షిణ భాగం లకోటాల పైన్ రిడ్జ్ రిజర్వేషన్‌లో ఉంది. 1942లో యుద్ధం పేరిట అక్కడ 3,41,726 ఎకరాలు బాంబుల అభ్యాసానికి తీసుకున్నారు, కుటుంబాలను ఖాళీ చేయించారు. ఈ సంగతి తెలిసి చూస్తే కింది మైదానపు నిశ్శబ్దం వేరేగా వినిపిస్తుంది.

సాయంత్రం నాలుగున్నర, ఐదుకి యెల్లో మౌండ్స్ దగ్గర ఉండాలి. అక్కడ మట్టి పొరలు పుస్తకం తెరిచినట్టు కనబడతాయి. అట్టడుగున నల్లటి పియర్ షేల్, 7 కోట్ల ఏళ్ళ కిందట ఇక్కడ సముద్రం ఉన్నప్పటి బురద. సముద్రం వెళ్ళిపోయాక ఆ బురద గాలికీ వానకీ వేళ్ళకీ పసుపు రంగుకి మారింది, గుండ్రటి పసుపు దిబ్బలు అవే. పైన బూడిద రంగు ఛాడ్రన్ పొర, 3.7 నుంచి 3.4 కోట్ల ఏళ్ళ నాటిది. ఆ పైన ఎర్ర గీతల బ్రూల్ పొర, 3.4 నుంచి 3 కోట్లు. ఒక్కో ఎర్ర గీతా ఒకప్పటి నేల, దాని మీద ఏవో మొక్కలు పెరిగాయి. ఆ పైన తెల్లటి బూడిద పట్టీ. సాయంత్రపు ఎండ పక్కనుంచి పడినప్పుడు పసుపు ముద్దగా వెలుగుతుంది, ఎరుపు కుంకుమలా తేలుతుంది. వాన పడి వెలిసిన సాయంత్రమైతే రంగులు రెట్టింపు.

పినకిల్స్ దగ్గర తారు రోడ్డు గేటు వైపు పోతుంది, ఎడమకి సేజ్ క్రీక్ రిమ్ రోడ్డు చీలుతుంది. కంకర రోడ్డు. చాలామంది ఇక్కడే వెనక్కి తిరుగుతారు, అసలు గడ్డి దేశం ఉన్నది ఈ రోడ్డు మీదే. ఎండిన రోజున మామూలు కారు చాలు. గంటకు 25 మైళ్ళు మించకండి. నేల బట్టలుతికే పలకలా అలలు తేలి ఉంటుంది, వేగం పెంచితే చక్రాలు నేలను వదిలి మలుపులో వెనకభాగం పక్కకి తోస్తుంది. ఎదురు బండి వస్తే పక్కకి జరిగి నెమ్మదించాలి, ముందు అద్దానికి పగుళ్ళు వచ్చేది అప్పుడే. వానపడ్డ రోజున ఈ రోడ్డు వదిలేయండి, లేదా గేటు దగ్గర అడిగి వెళ్ళండి.

ఐదు మైళ్ళకి రాబర్ట్స్ ప్రెయిరీ డాగ్ టౌన్. ఉడతకి పెద్దన్నలాంటి జంతువులు, నిలబడి చేతులు కట్టుకుని చూస్తాయి, మనిషి దగ్గరికెళ్తే కీచుమని ఊరంతటికీ చెబుతాయి. మరమరాలూ జంతికలూ వేయకండి. వాటి ఒంటి మీద గెంతే ఫ్లీ అనే రెక్కల్లేని పురుగులు ప్లేగు మోసుకొస్తాయి, బొరియల దగ్గరికి పిల్లలను పోనీయకూడదు. పూర్తిగా అంతరించిందనుకున్న నల్లకాళ్ళ ఫెరెట్, ముంగిసలాంటి జంతువు, 1981లో వయోమింగ్‌లో మళ్ళీ కనబడింది. దాన్ని 1994లో ఈ ప్రాంతానికి తెచ్చి వదిలారు. దాని తిండీ ఇల్లూ రెండూ ఈ ప్రెయిరీ డాగులే.

దున్నలు, అంటే బైసన్, 1963లో మళ్ళీ ఇక్కడికి వచ్చాయి. పెద్ద పోతు దాదాపు టన్ను బరువుంటుంది, గంటకు 35 మైళ్ళు పరుగెడుతుంది. నూరు గజాల దూరం నియమం. మంద రోడ్డు దాటుతుంటే బండి ఆపి, హారను కొట్టకుండా, అద్దాలెత్తి కూర్చోవాలి. తోక నిలువుగా లేచిందంటే దానికి కోపమొచ్చింది. ఇంజను ఆపేస్తే ఇంకో సంగతి వినబడుతుంది: పక్కనే పది దున్నలు గడ్డి పీకుతున్న చప్పుడు, వేళ్ళు తెగుతున్నట్టు, చీర చింపుతున్నట్టు. పొద్దున మోకాళ్ళ మీద కూర్చుని చూసిన గడ్డే అది.

సూర్యాస్తమయానికి వెనక్కి పినకిల్స్ ఓవర్‌లుక్‌కి రావాలి. జూన్‌లో ఎనిమిదిన్నర దాటాక గానీ సూర్యుడు దిగడు. దిగాక కూడా పావుగంట ఆగండి, శిఖరాల కొసలు గులాబీ రంగు తేలి ఆరిపోతాయి. ఇంకో రెండు గంటలు ఉండగలిగితే పాలపుంత కనబడుతుంది. చంద్రుడు లేని రాత్రి చూసుకుని వెళ్ళాలి, దుప్పట్లు పెట్టుకోవాలి, పగలు వంద డిగ్రీలున్నా రాత్రి చలి.

గేటు నుంచి వాల్ ఊరు ఎనిమిది మైళ్ళు. దారి పొడుగునా బోర్డులు పెట్టిన వాల్ డ్రగ్ ఇక్కడే. 1931లో కొన్న చిన్న మందుల షాపు, 1936లో ఐసు నీళ్ళు ఉచితమని రోడ్డు పక్కన బోర్డు పెట్టడంతో నిలదొక్కుకుంది. ఐసు నీళ్ళు ఇప్పటికీ ఉచితమే, కాఫీ ఐదు సెంట్లు. రాత్రికి మూసేస్తారు, కాబట్టి మర్నాడు పొద్దున్నే వెళ్ళండి. చీకట్లో హైవే మీద 80 నడపొద్దు. జింకలు గుంపుగా దాటతాయి, ఒకటి దాటాక రెండోదీ మూడోదీ ఉంటాయి.

మర్నాడు హైవే ఎక్కాక 60, 65 దగ్గర స్టీరింగు వణికితే కంగారు పడకండి. కంకర రోడ్డు మీది తడి మట్టి చక్రం రిమ్ము లోపలి వైపు పేరుకుని ఒక పక్కకి బరువు పెడుతుంది, దాంతో బ్యాలెన్సు పోతుంది. కార్ వాష్‌లో ప్రెషర్ గొట్టంతో రిమ్ము లోపలి నుంచి కొడితే సరి, ఎంత త్వరగా కడిగితే అంత తేలిక, ఎండితే సిమెంటు. కారు లోపల మ్యాట్లకీ బూట్లకీ అంటిన మట్టికి పద్ధతి వేరు. దాన్ని తడి గుడ్డతో తుడిస్తే ఉబ్బి, సాగి, నూలు పోగుల్లోకి దిగిపోతుంది. రెండు రోజులు ఎండలో వదిలేసి, మ్యాటుని గోడకేసి కొడితే తెల్లటి పిండిలా రాలిపోతుంది. మిగిలింది వ్యాక్యూమ్‌తో లాగేయొచ్చు.